డౌట్లేమైనా ఉన్నాయా?

మా కాలేజీ పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు పేజీ మేడం. క్లాసులో అడుగుపెట్టీ పెట్టకముందే "పేజీ నలభై రెండు" అనేస్తుంది మరి. నేను అక్కా అంటాను. ఆవిడది ఇంగ్లీషు, నాది లెక్కలు. స్టాఫ్ రూంలో మావి పక్కపక్క కుర్చీలు. వాటిలో ఒకదాని చెయ్యి విరిగింది. ముందొచ్చినవాళ్లు బాగున్న కుర్చీ తీసుకోవాలని మా ఒప్పందం. రెండు బస్సులు మారి నాకంటే ముందే వచ్చి కూడా అక్క విరిగినదాంట్లోనే కూర్చుంటుంది. ఎందుకలా అంటే, "రెండోదాంట్లో కూర్చుంటే నిద్రొస్తుందే" అంటుంది. ఆ నిద్ర అబద్ధం కాదు. పొద్దున నాలుగు సెక్షన్లు, మధ్యాహ్నం పేపర్లు దిద్దడం, ఇంటికెళ్లాక మూడో అంతస్తు దాకా మెట్లు. భర్త ఫొటోకాపీ దుకాణంలో పరీక్షలప్పుడు తప్ప గిరాకీ ఉండదు. కూతురు తొమ్మిదో తరగతి. అరిచి అరిచి అక్క గొంతు ఎప్పుడో పోయింది. వేడినీళ్ల ఫ్లాస్కు పెట్టుకుని, గంటకి రెండు గుక్కల చొప్పున తాగుతూ నెట్టుకొస్తోంది.

ఇరవై ఏళ్లుగా ఆవిడ తాత్కాలిక లెక్చరర్. మా కాలేజీలో తాత్కాలికమంత శాశ్వతమైనది ఇంకొకటి లేదు. ఏటా సెలవుల ముందు ప్రిన్సిపాల్ వచ్చి ఆఖరి బెంచీలో కూర్చుని తాత్కాలికంవాళ్ల క్లాసు ఒకటి వింటారు. పక్కన పర్మనెంటు లెక్చరర్ ఒకరు కాగితం నింపాలి. అందులో మూడే గడులు: చాలా బాగుంది, పర్వాలేదు, బాగోలేదు. ఆ టిక్కుని బట్టే పై ఏడాది ఆర్డరు. నాకు పర్మనెంటు అయి మూడేళ్లయింది. అప్పట్నుంచీ అక్క కాగితం నింపేది నేనే. క్లాసు మొదలవ్వకముందే మొదటి గడిలో టిక్కు కొట్టేసి, ఆ గంటలో నా పేపర్లు దిద్దుకునేదాన్ని.

దిద్దుకోక ఏం చెయ్యను? అక్క ఏటా ఆ క్లాసుకి చెప్పేది ఒకటే పాఠం, పేజీ నలభై రెండు, సంపద గురించి వ్యాసం. అందులో ఒకాయన జేబులో ముప్ఫై తాళంచెవులు ఉంటాయి. ఏ గది ఎప్పుడు తెరిచాడో ఆయనకే గుర్తుండదు. పక్కింటాయన తలుపుకి అసలు తాళమే లేదు, హాయిగా ఉంటాడు. కాబట్టి నిజమైన సంపద తృప్తే. అంతే పాఠం. అక్క పుస్తకంలో ఆ పేజీ అంచుల్నిండా పెన్సిల్ రాతలే. ఎక్కడ ఆగాలి, ఎక్కడ బోర్డు మీద రాయాలి, ఒకచోటైతే "ఇక్కడ నవ్వాలి" అని కూడా ఉంది. ముందురోజే మొదటి బెంచీ అమ్మాయికి జవాబు నేర్పిపెడుతుంది. అందరం అలాగే చేస్తాం, ప్రిన్సిపాల్‌కీ తెలుసు. ఆయనా ఒకప్పుడు అలా నెగ్గుకొచ్చినవారే.

ఈ ఏడూ అన్నీ సవ్యంగానే మొదలయ్యాయి. నవ్వాల్సినచోట అక్క నవ్వింది. "నిజమైన సంపద ఏది?" అని అడగ్గానే మొదటి బెంచీ అమ్మాయి లేచి, చిలకలా, "తృప్తి మేడం" అంది. ప్రిన్సిపాల్ తలూపారు. ఈసారి ఆ కాగితం ఆఫీసు నుంచి ఇంకా రాలేదు, వచ్చాక టిక్కు కొట్టొచ్చులే అని నేను పేపర్ల కట్ట విప్పుకున్నాను.

అప్పుడు అక్క అలవాటు కొద్దీ అనేసింది, "డౌట్లేమైనా ఉన్నాయా?"

ఆ మాట మేమందరం రోజుకి నాలుగుసార్లు అంటాం. జవాబు కోసం ఎవరం ఆగం, అంటూనే సుద్దముక్క కింద పెట్టేస్తాం. ఇరవై ఏళ్లలో ఆవిడకి జవాబిచ్చినవాళ్లు లేరు. ఆ రోజు మాత్రం వెనక నుంచి రెండో బెంచీలో ఒకమ్మాయి లేచింది. సాయంత్రాలు బట్టల షాపులో నిలబడుతుంది కాబట్టి క్లాసులో ఎప్పుడూ కునికిపాట్లు పడుతుండే పిల్ల.

"మేడం, ఆ తాళం లేని ఇల్లు ఆయన సొంతమా, అద్దెదా?"

క్లాసంతా గొల్లుమంది. అక్క గబగబా పేజీ అంచులు చూసుకుంది. అక్కడ ఏముంటుంది? పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

"తెలీదమ్మా. ఇందులో రాయలేదు. నాకూ ఎప్పుడూ తట్టలేదు. నువ్వేమనుకుంటున్నావ్?"

"అద్దెదైతే ప్రతి నెలా ఒకటో తారీకు ఆయన తృప్తి పోతుంది మేడం."

ఇంకొకడు లేచి, తాళంచెవులాయన ఆ ముప్ఫై గదులూ అద్దెకిచ్చి ఉంటాడని, ఆ అద్దె కట్టేది ఈ పక్కింటాయనేనేమోనని అన్నాడు. మరొకమ్మాయి కాదంటే కాదంది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు, గ్రామర్ గంగలో కలిసింది. మొదటి బెంచీ అమ్మాయి కూడా నేర్చుకున్న జవాబు మర్చిపోయి, వాళ్ల నాన్న రెండు ఉద్యోగాల గురించి చెప్పింది. నేను పేపర్లు పక్కన పెట్టేశాను. మూడేళ్లలో ఆవిడ పాఠం నేను విన్నది ఆ రోజే.

చివర్లో ఆ బట్టల షాపు పిల్ల మళ్లీ లేచింది. వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మీకు తృప్తిగా ఉందా మేడం?"

అక్క ఫ్లాస్కు మూత తీసి ఒక గుక్క తాగింది. వెనక ఎవరు కూర్చున్నారో మర్చిపోయిందో, గుర్తుండే అందో, ఇప్పటికీ నాకు తెలీదు.

"మీకు పాఠం చెబుతున్నంతసేపూ ఉంటుందమ్మా. సెలవులు దగ్గరపడితే పోతుంది, మళ్లీ పిలుస్తారో లేదో అని. ఇరవై ఏళ్లైంది కదా, కొంచెం అలిసిపోయాను."

ప్రిన్సిపాల్ మొహం చూస్తే నోట్లో వెలక్కాయ పడ్డట్టుంది. బెల్లు కొట్టారు, బతికాం అనుకున్నాను.

వరండాలో ఆయన నన్నాపారు. "క్లాసులో సొంత గోడు వెళ్లబోసుకోవడమేంటమ్మా? పాఠం ఎటు పోయిందో చూశారుగా. ఈసారైనా నిజాయితీగా రాయండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "అన్నట్టు, మీ పొద్దుటి షిఫ్టు అర్జీ నా టేబుల్ మీదే ఉంది. చూస్తాను."

పొద్దుటి షిఫ్టు వస్తే, బడి నుంచి వచ్చేసరికి నా పాపకి తలుపు నేను తియ్యొచ్చు. ఇప్పుడు పక్కింటివాళ్ల దగ్గర కూర్చుంటోంది. కాగితం ముందేసుకుని అరగంట చూశాను. వినని పాఠాలకి మూడేళ్లు కళ్లు మూసుకుని "చాలా బాగుంది" కొట్టాను. నిజంగా బాగున్న పాఠం ఇదొక్కటే. మొదటి గడి మీదికి పెన్ను పోలేదు, మూడో గడికి మనసు రాలేదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. మధ్య గడిలో టిక్కు కొట్టి సంతకం పెట్టాను. ఇచ్చేసి వచ్చాక చెయ్యి కడుక్కోవాలనిపించింది.

సెలవుల ముందు ఆఖరి రోజు ఆఫీసువాళ్లు ఆర్డర్లు పంచారు. అక్క తనది నిలబడే చదువుకుంది. నాలుగు సెక్షన్లు రెండయ్యాయి. మిగతా రెండూ కొత్తగా వచ్చే ఎవరికో ఇచ్చారు. అంటే జీతం సగం. బట్టల షాపు పిల్ల సెక్షను పోయినవాటిలో ఉంది. అక్క కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పేజీ నలభై రెండులో పెట్టుకుంది.

"ఏదో ఒకటి, పిలిచారు కదా" అంటూ విరిగిన కుర్చీలో కూర్చుంది. "నోరు జారాను, మొత్తం పోయిందనే అనుకున్నానే. నువ్వు బాగా రాసి ఉంటావు. లేకపోతే ఈ సగమైనా మిగిలేది కాదు. నీ మేలు మర్చిపోను."

అక్కా, నేను బాగా రాయలేదు, నేను అంత మంచిదాన్ని కాదు అని చెప్పాలి. సిగ్గుతో తల వంచుకుని నా కవరు చింపాను.

"నీకేం వచ్చింది?"

"పొద్దుటి షిఫ్టు."

"అమ్మయ్య!" ఆవిడ మొహంలో ఆ నెలంతా కనపడని వెలుగొచ్చింది. "ఇంక పాప ఎవరి గుమ్మంలోనూ కూర్చోక్కర్లేదు." ఫ్లాస్కులో మిగిలిన వేడినీళ్లు మూతలో ఒంపి, ముందు నాకే ఇచ్చింది.

నాకు షిఫ్టు వచ్చిందని నిజంగా సంతోషించింది ఆవిడొక్కతే. ఏ గడిలో టిక్కు పెట్టావని మాత్రం ఇంతవరకూ అడగలేదు.