కాగితం చూసి ఏడవమన్నారు

మనవరాలి పెళ్లికి నాలుగు రోజుల ముందు పేపర్‌లో అర్పితాన్ అనే భాష గురించి చదివాను. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ మధ్య కొండల్లో మాట్లాడతారట. దాన్ని భాష అని కూడా ఒప్పుకోకుండా పల్లెటూరి యాస అని తీసిపారేశారట. బడిలో ఆ మాట మాట్లాడిన పిల్లలను శిక్షించేవారట. ఇప్పుడు ఎక్కువగా ముసలివాళ్ళ నోళ్ళలోనే మిగిలిందట. చివర్లో, అది క్రమంగా అంతరించిపోతోందని రాశారు. వానలు లేక చెలక ఎండినట్టు, అందులో ఎవరి తప్పూ లేనట్టు.

నేను నెమ్మదిగా చదువుతాను. ఆ అర పేజీ అయ్యేసరికి టీ చల్లారిపోయింది, నాకు మాత్రం మండింది. శిక్షించిన పంతుళ్ళను పైన రాసి, కింద మాత్రం అదంతటదే పోతోందంటారా? ఏ భాషా అదంతటదే పోదు. మా ఇంట్లో ఎలా పోయిందో నాకు తెలుసు.

మేము లంబాడీలం. మాది న్యాల్‌కల్ దగ్గర తండా. మా భాషకు సొంత లిపి లేదు. బీదర్ వైపు ఉన్న చుట్టాలు కన్నడ అక్షరాల్లో రాసుకుంటారు, మహారాష్ట్రలో ఉన్నవాళ్ళు మరాఠీ అక్షరాల్లో, మేము తెలుగులో. అదీ చదువు వచ్చినవాళ్ళ సంగతి. యాభై దగ్గర పడేదాకా నాది వేలిముద్రే.

కొడుక్కి ట్రాక్టర్ ఫ్యాక్టరీలో పని దొరికితే జహీరాబాద్ వచ్చాం. మనవరాలిని బడిలో వేశారు. మూడు నెలలకు టీచరమ్మ కోడలినీ నన్నూ పిలిపించింది. ఆమె కూర్చుని ఉంది, మేము నిలబడి ఉన్నాం.

"ఇంట్ల ఆ లంబాడి మాట బంద్ చేయుండ్రి. పిల్ల క్లాసుల నోరు తెరుస్తలేదు. గిట్లయితే పైక్లాసుకు పంపుడు కాదు" అంది.

"మంచిది మేడం" అంది కోడలు.

నేనూ తల ఊపాను. ఆ పిల్ల ఇంట్లో ఒక్క నిమిషం నోరు మూసేది కాదు. కోడి గుడ్ల మీద ఎందుకు కూర్చుంది, మేక రాత్రి ఏం తలుచుకుంటుంది, అన్నీ నాకు చెప్పాల్సిందే. నోరు లేని పిల్ల కాదది. ఆ సంగతి టీచరమ్మకు చెప్పాలని నాకు తోచలేదు. చదువుకున్న మనిషి కదా, పిల్ల మేలుకే చెబుతోందనుకున్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో తెలుగే. కోడలిని ఒక్కదాన్నే అనలేను. ఆ ఏడే నేను మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. అది పలక మీద రాసి ఇస్తే కింద నేను రాసేదాన్ని. నాకు తెలుగు బాగా రావాలని దానితో తెలుగే మాట్లాడేదాన్ని. అది మరిచిపోయి మా మాట అంటే నేనే సరిదిద్దేదాన్ని. "బాటి కాదు, రొట్టె అను" అని అది అనేదాకా వదిలేదాన్ని కాదు. బస్టాండ్‌లో బస్సు మీద రాయికోడ్ అని ఊరి పేరు నేను చదివిన రోజు ఇద్దరం చేతులు పట్టుకుని ఎగిరాం. ఆ సంతోషం అబద్ధం కాదు. దానికి బదులు పిల్ల నోట్లోంచి ఏం తీసేశానో అప్పుడు చూసుకోలేదు.

ఇన్నేళ్ళ తర్వాత, నేను ఆ పేపర్ చదివిన పొద్దునే, కోడలు తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"అత్తమ్మా, జర ఢావలో రాసియ్యరాదుండ్రి? తెలుగు అక్షరాలల్ల రాస్తే పిల్ల చదువుతది. వీడియో తీసేటాయన మీ కల్చర్ గూడ పెడదాం అంటున్నడు."

ఢావలో ఉత్త పాట కాదు, ఉత్త ఏడుపూ కాదు. అత్తవారింటికి పోయే ముందు పెళ్లికూతురు ఒక్కొక్కరినీ కావలించుకుని, వాళ్ళతో తన బతుకు ఎలా గడిచిందో రాగం తీస్తూ చెప్పి ఏడుస్తుంది. ఎవరిని పట్టుకుంటే వాళ్ళు కూడా అలాగే ఏడుస్తూ జవాబు చెప్పాలి. తల్లితో ఏడ్చిన మాట మేనత్తకు పనికిరాదు. నా పెళ్లినాడు, జ్వరం ఉన్నా కొట్టి జొన్న చేనుకు పంపావు కదమ్మా అని మా అమ్మను పట్టుకుని ఏడ్చాను. ఆ రోజు ఎందుకు కొట్టిందో ఆమె ఏడుస్తూ చెప్పింది. ఆ సంగతి మామూలు మాటల్లో మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు.

"గిన్నేండ్లు పిల్ల నోరు మూపిచ్చి, ఇప్పుడు వీడియోల కోసం ఏడ్వమంటవా?" అన్నాను.

"నేనొక్కదాన్నే మూపిచ్చిన్నా? రొట్టె అను, రొట్టె అను అని దాన్ని సతాయించింది ఎవరు అత్తమ్మా?"

కోపం తగ్గలేదు సరికదా, ఆమె చెప్పింది నిజమైనందుకు ఇంకా పెరిగింది. రాయను పొమ్మన్నాను.

మర్నాడు మనవరాలే వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"నానమ్మా, వీడియో గీడియో నాకెందుకు? పోయేటప్పుడు నిన్ను పట్టుకొని ఏమన్న అనాలె గద. నాకు ఒక్క మాట వస్తలేదు. రాసియ్యవా?"

దాని మొహం చూసి ఒప్పుకున్నాను. అది నా కోసం ఏడవాల్సిన మాటలు నేనే రాయాలి! నన్ను నేను పొగుడుకుంటే సిగ్గు, తిట్టుకుంటే పెళ్లిలో బాగుండదు. నాలుగు కాగితాలు చించాను. చివరికి మా అమ్మతో నేను అన్నవే కొన్ని మార్చి రాసిచ్చాను.

పెళ్లి ఫంక్షన్ హాల్‌లో జరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిల్ల బయలుదేరే ముందు నన్ను కావలించుకుంది. నా భుజం వెనక కాగితం పట్టుకుని చదివింది. బడిలో పద్యం అప్పజెప్పినట్టుంది. జొన్న చేను అని కూడా చదివింది. అది ఎన్నడూ జొన్న చేనులో కాలు పెట్టలేదు.

తండా నుంచి వచ్చిన మా అక్క, అందరికీ వినపడాలని తెలుగులోనే అంది: "కాయిదం సూసి ఏడ్చే పెండ్లిపిల్లను ఇప్పుడే సూస్తున్న. కండ్లద్దాలు గూడ ఇయ్యకపోయిన్రా?"

ఆడవాళ్ళంతా నవ్వారు.

"మేడం, కాయిదం కనవడుతుంది" అన్నాడు వీడియో ఆయన. "జర కిందికి పట్టుకొని ఇంకోపారి ఏడ్వుండ్రి. పెద్దమ్మా, నువ్వు ఇటు తిరుగు."

నేను కాగితం గుంజుకుని నలిపేశాను. కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాను.

"బంద్ చెయ్యి! సినిమా అనుకున్నవా? నా బిడ్డ ఇల్లిడిసి పోతున్నది!"

తెలుగులోనే అరిచాను. కోపానికి కూడా ఇప్పుడు నాకు తెలుగే ముందు వస్తుంది.

మనవరాలు నన్ను గట్టిగా పట్టుకుంది. చదవడానికి ఏమీ లేక, "నానమ్మా, నానమ్మా" అని మాత్రం ఏడ్చింది. పట్టుకున్నాక జవాబు చెప్పాలి. నేను రాగం ఎత్తాను. అది మాత్రం మా భాషలోనే వచ్చింది. నువ్వు నాకు అక్షరాలు ఇచ్చావు, నేను నీ మాట తీసుకున్నాను అన్నాను. మా అమ్మ నాకు ఇచ్చినది నీకు ఇవ్వకుండా పంపిస్తున్నాను, నన్ను తిట్టి పో బిడ్డా అన్నాను.

అది ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది.

"ఏమంటున్నవ్ నానమ్మా? సమజయితలేదు." తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఏమంటున్నది?"

కోడలు తండాలో పుట్టిన మనిషి. ప్రతి మాటా ఆమెకు తెలుసు.

"ఏం లేదు బిడ్డా. సల్లగుండు అంటున్నది."

"అబద్ధం ఎందుకు చెప్తవు?" అన్నాను. "నేనన్నది అన్నట్టు చెప్పు."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట కారు హారన్ కొడుతున్నారు. నేను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుని ఒక్కో మాట దగ్గర ఆగాను. ఆగినప్పుడల్లా ఆమె నేల చూస్తూ కూతురికి తెలుగులో చెప్పింది. అంతా చెప్పేదాకా నేను పిల్ల చెయ్యి వదల్లేదు.