నిమ్మకాయ తొక్కించిన ట్యాంకు

మా చిన్నప్పుడు... ఒక దసరా నాడు చిన్నాయన కొట్టిన దెబ్బకు నా కుడి మణికట్టు విరిగింది. అప్పుడు నాకు పదేళ్ళు. ఆడుకుంటూ పడ్డానని మా ఆయనకు కూడా అబద్ధమే చెప్పాను. మొన్న వేసవిలో చిన్నాయన పోయాడు. ఇక ఆయన ఎవరి ముందూ తల దించుకోవలసిన పని లేదు. అందుకే రాస్తున్నాను.

మాది అమరచింత. చిన్నాయన మిలిట్రీలో ట్యాంకు నడిపేవాడు. యుద్ధం నుంచి వచ్చాక పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండిపోయాడు. రెండు అరచేతులూ కాలి, చర్మం నున్నగా మెరిసేది... ఆ చేతులతోనే అన్నం కలిపి నాకు ముద్దలు పెట్టేవాడు.

ఒక ఏడు ఆయన పాత దోస్తు రెండు పొట్లాలు పంపాడు. ఒకదాంట్లో జానెడు ప్లాస్టిక్ ట్యాంకు, విడివిడి ముక్కలుగా. కానీ అది చిన్నాయన నడిపిన రకం కాదు. దాన్ని ఆయన నడిపిన రకంగా మార్చే ముక్కలు రెండో పొట్లంలో ఉన్నాయి. కన్వర్షన్ కిట్ అనేవాడు. పైన తిరిగే టరెట్, దాని మీది రెండు మూతలు... అన్నీ చాక్‌పీసులా పెళుసు.

వానాకాలమంతా పంచలో కూర్చుని అదే పని. బ్లేడుతో చెక్కడం, ఆకురాయితో నూరడం, అతికించడం. చేనులోని మట్టిని గుడ్డలో జల్లించి, బంకతో గొలుసు చక్రాలకు పూశాడు. దీపం మసిని కిరసనాయిల్లో కలిపి కుంచెతో సందుల్లోకి దింపాడు.

మా అవ్వ ఊరుకునేది కాదు. "మిలిట్రీకి పోయొచ్చిన మొగోడు బొమ్మలతోని ఆడుకుంటుండు! ఓ గిలక్కాయ గూడ తెచ్చియ్యమంటవార కొడుకా?"

"రొండు తేమ్మా. నీకొకటి," అనేవాడు తల ఎత్తకుండా.

ఒకరోజు దబ్బనం ఎర్రగా కాల్చి ట్యాంకు పక్కభాగంలో గుచ్చాడు. చుర్రుమంటూ పొగ వచ్చింది...

"గీడనే తాకింది బిడ్డా, గుండు. లోపల నలుగురం. నేను ముంగటి మూతకెల్లి బయటపడ్డ. పైమూతలు బిగుసుకపోయినయి. ఈ చేతులతోనే గుంజిన... ఇనుము కాలుతుండె. ఆ ముగ్గురు లోపల్నుంచి గుద్దుతుండ్రి. జరసేపటికి గుద్దుడు ఆగింది."

అన్నీ అతికించాడు, ఆ రెండు పైమూతలు తప్ప. వాటిని ముక్కుపొడి డబ్బాలో దాచాడు.

"తెరిసి పెడ్తవా, మూసి పెడ్తవా చిన్నాయనా?"

"ఆఖరుకు సూద్దాంలే."

దసరా వచ్చింది. నాయన నాగలి, కొడవళ్ళు కడిగి పసుపు కుంకుమ పెట్టాడు. బస్టాండు దగ్గర లారీ ముందు గుమ్మడికాయ పగలగొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం చూసి వచ్చాను. ఆయుధ పూజ అంటే... మా ఇంట్లో అసలైన ఆయుధం అదొక్కటే కదా!

చిన్నాయన స్నానానికి బావి దగ్గరికి పోగానే ట్యాంకును చెంబెడు నీళ్ళతో కడిగాను. మట్టి పోయింది, మసి పోయింది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. ఆ కాలిన రంధ్రం చుట్టూ కూడా పెట్టాను. అరుగు మీద ఉంచి, చక్రాల కింద నిమ్మకాయ పెట్టాను. ఎంతకీ ఎక్కలేదు. టరెట్ మీద చెయ్యి ఆన్చి బలంగా తోశాను... నిమ్మకాయ జారింది. ట్యాంకు బండల మీద పడింది. టరెట్ ముక్కలైంది. కుంకుమ నీళ్ళు ఎర్రగా పారాయి.

తడి తువ్వాలుతో వచ్చిన చిన్నాయన ఆ ఎరుపు చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఎవరు జెప్పిండ్రే నీకు?"

"దసరా గద చిన్నాయనా... ఆయుధం గదా అని..."

"దానికి పూజ జేస్తవా? ముగ్గుర్ని మింగిందే అది!"

మూలనున్న కర్ర అందుకున్నాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండో దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అమ్మ వెనక నుంచి పట్టుకుని "పిల్లను సంపుతవా ఏంది!" అని అరిచింది. విదిలించుకుంటుంటే ఆయన మోచెయ్యి తగిలి అమ్మ పెదవి పగిలింది. అవ్వ నన్ను కొట్టుగదిలోకి తోసి బయట గొళ్ళెం పెట్టింది. బయట ఆయన ట్యాంకు మీద పడి బాదుతున్నాడు... లోపల చీకటి. భయమేసి, విరగని చేత్తో తలుపు గుద్దాను. గుద్దుతూనే ఉన్నాను.

బయట చప్పుడు ఆగింది.

గొళ్ళెం తియ్యలేదు... పీకేశాడు. నన్ను భుజాన వేసుకుని ఆత్మకూరు దవాఖానకు నడిచాడు. దారి పొడుగునా ఒకటే మాట. "తీసిన బిడ్డా... తలుపు తీసిన..."

మళ్ళీ నా మీద చెయ్యెత్తలేదు. ట్యాంకూ ముట్టలేదు.

ఆయన పోయాక ట్రంకు పెట్టె తీస్తే, అడుగున పాత పంచెలో ఆ ముక్కలన్నీ ఉన్నాయి. ముక్కుపొడి డబ్బాలో రెండు మూతలూ ఉన్నాయి. వనపర్తిలో ఉండే మా అమ్మాయి ఫోన్లో వెతికి, అదే రకానికి కొత్త కన్వర్షన్ కిట్ తెప్పించింది. రోజూ పొద్దున పూజ అయ్యాక, వీడియోలు చూస్తూ కొద్దికొద్దిగా అతికించాను. బ్లేడు పట్టినప్పుడల్లా మణికట్టు లాగేది. కింది భాగం ఆయన చేసిందే, పగుళ్ళు పూడ్చాను. ఆ రంధ్రం అట్లాగే ఉంచాను. దాని అంచున కొంచెం కుంకుమ ఇంకా ఉంది... గోకలేదు.

ఇప్పుడు ఏ ముక్క కావాలన్నా గుమ్మం దగ్గరికే వస్తోంది. ఎట్లా అతికించాలో చెప్పేవాళ్ళు ఎందరో ఉన్నారు. పక్కన కూర్చుని "గీడనే తాకింది బిడ్డా" అని చెప్పే మనిషే లేడు...

మీ ఇంటి పెద్దవాళ్ళు సగంలో ఆపేసిన పని ఏదైనా మీ చేతికి వచ్చిందా? రాయండి, చదువుతాను. ట్యాంకు ఫోటో మాత్రం అడగకండి. చూపించుకోవడానికి చేసింది కాదు.

ఉన్నది ఉన్నట్టు చేయాలనేవాడు చిన్నాయన. అట్లయితే పైమూతలు మూసి ఉండాలి. కొత్తవి పక్కన పెట్టి, ముక్కుపొడి డబ్బాలోని ఆయన మూతలే తీసుకున్నాను. రెండూ తెరిచి అతికించాను.