ఐదు లక్షల పదివేల ఐదువందల పదకొండు

మా లెక్కల సార్ పోయారని మొన్న ఉదయగిరి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. రెండు వారాల కిందట చూడబోయి నేను చెప్పిన మాటే ఆయన్ని కుంగదీసిందేమోనని. అది ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను.

మా పదో తరగతిలో ఏడు బెంచీలుండేవి. ఏటా మొదటి రోజు సార్ రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, ఈ ప్రధాన సంఖ్యలన్నీ గుణించి, ఒకటి కలిపి, బోర్డు మీద 510511 అని రాసేవారు. బెంచీకొక సంఖ్య ఇచ్చి భాగించమనేవారు. ఏ బెంచీని అడిగినా "ఒకటి మిగిలింది సార్" అనే జవాబే.

"చూసినారా, ఎవురికీ లొంగదురా ఇది. ప్రధాన సంఖ్యంటే ఇట్టుండాల" అని, చేతికంటిన సుద్ద చొక్కాకే తుడుచుకునేవారు. "నా మాట నమ్మబాకండి, చేసి చూడండి" అని రోజూ చెప్పేవారు. మేం మాత్రం ఆయన మాటే నమ్మాం.

నేనూ లెక్కల టీచర్నయ్యాను. ఆత్మకూరులో నాకిచ్చిన గదిలో ఎనిమిది బెంచీలు. సార్ పద్ధతే కదా అని ఎనిమిదో బెంచీకి పందొమ్మిది ఇచ్చాను. "ఏమీ మిగల్లా మేడం" అన్నారు ఆ పిల్లలు. సరిగ్గా చెయ్యండని కసిరాను. మళ్లీ సున్నా. నేను చేసినా సున్నానే. ఇన్నేళ్లలో ఒక్కరమూ పదిహేడు దాటి చూడలేదు.

మంచం పట్టిన మనిషికి ఇది చెప్పాలా, వద్దా? చివరికి ఉండబట్టలేక వెళ్లి చెప్పాను. ఆయన లేచి కూర్చుని, మందుల చీటీ వెనక భాగించారు. సున్నా వచ్చాక మళ్లీ ఒకసారి చేసి చూశారు.

"నీది ఎన్నో బెంచీ అమ్మాయ్?"

"మూడోది సార్. ఐదుతో చేసినాను."

"ఎంత మిగిలింది?"

"ఒకటి సార్."

"అయితే నీ లెక్క కరెక్టే. పొయ్యిరా, బస్సుకు టైమయింది."

నవ్వారా? నవ్వినట్టే ఉంది. కళ్లలో నీళ్లూ ఉన్నట్టున్నాయి. ఆత్మకూరు దాకా బస్సులో అదే ఆలోచన.

నిన్న ఆ ఇంటికి వెళితే వాళ్లమ్మాయి కొన్ని కాగితాలు నా చేతిలో పెట్టింది. "నువ్వు పొయినకాడి నుంచి ఇదే పని అక్కా. అన్నానికి పిలిస్తే గూడా పలికేవాడు గాదు. కోపమో సంతోషమో మాకు తెలీలా. ఏం చెప్పినావు నాయనకి?"

చెప్పాను. ఆమెకు అర్థమైందో లేదో.

పందొమ్మిదితో భాగిస్తే వచ్చే 26869ని కూడా సార్ వదల్లేదు. ఇరవై మూడు, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి, ఇలా ఒక్కొక్కదానితో భాగించి, శేషం రాసి, కొట్టేసుకుంటూ పోయారు. తొంభై ఏడు దగ్గర శేషం లేకుండా తెగింది. భాగఫలం 277. ఈ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు, నేను పందొమ్మిది దగ్గరే ఆగిపోయాను. ఆయన ఆ 277నీ ఊరికే నమ్మలేదు. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, అన్నిటితో చూశారు. అంకెలు వంకర్లు పోయాయి. ఆఖరున పదమూడుతో మొదలుపెట్టి, గీత గీసి ఉంది. గీత కింద ఖాళీ. అక్కడ రావలసిన శేషం నాలుగు, అదొక్కటి వేస్తే 277 ఎవరికీ లొంగదని తేలిపోయేది. పెన్ను తీశాను గాని, రాయడానికి చెయ్యి రాలేదు.