సత్యవ్వ పంపిన చప్పుళ్లు

ఇంటి నుంచి వచ్చిన మొదటి క్యాసెట్టు విన్నాక ముత్యం రెండు రోజులు పనికి పోలేదు. దుబాయిలో అతని గదిలో తొమ్మిది మంది ఉండేవాళ్లు. అందరూ కోరుట్ల, జగిత్యాల వైపువాళ్లే. టేపు చుట్టూ కూర్చొని విన్నారు. క్యాసెట్టులో తల్లి ఏడ్చింది, మేనత్త ఏడ్చింది, నిప్పు కోసం వచ్చిన పక్కింటామె కూడా మంచిగున్నవా అని అడిగి ఏడ్చింది. 'గసొంటిది మల్ల పంపకుండ్రి. ఏడుసుడు ఈడ మస్తుగున్నది' అని ముత్యం జాబు రాశాడు.

ఆ జాబు చదివి అతని భార్య సత్యవ్వ నవ్వింది. అత్త శంకరవ్వకు కోపం వచ్చింది.

"మొగడు పని మానుకొని పండిండంటే నవ్వుతవేందే?"

"గీసారి నవ్వేది పంపుదాం అత్తా."

సత్యవ్వ సిరిసిల్లలో సాంచాల మధ్య పుట్టింది. ఇరవై మరమగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే, ఏ సాంచె పోగు తెగిందో వాకిట్లో ఉండి చెప్పేది. పెళ్లయి కోరుట్ల దగ్గరి ఈ ఊరికి వచ్చాక బీడీలు చుట్టడం నేర్చుకుంది కానీ చెవి మాత్రం పాతదే. ఇంట్లో ప్రతి వస్తువూ ఏదో ఒకటి అంటుందని ఆమెకు అనిపించేది. తలుపు గడియ మూలుగుతుంది. బోరింగు మూడో దెబ్బకు గాడిదలా ఓండ్ర పెడుతుంది. బీడీ ఆకు కత్తిరించే కత్తెర పొద్దున ఒకలా, పొద్దుగూకే వేళకు ఇంకోలా పలుకుతుంది. వాటికి తనలో తను నవ్వుకుంటూ పని చేసుకునేది.

నెల రోజుల పాటు వాటినే టేపులో పట్టింది. ప్రతి చప్పుడుకూ ముందు "గిదేందో చెప్పు సూద్దాం" అని ఒక్క మాట, అంతే. మొత్తం పద్నాలుగు చప్పుళ్లు. ముత్యం గదిలోనే ఉండే గోవర్ధన్ సెలవు మీద ఊరికి వచ్చి ఉన్నాడు. కోరుట్లలో నాలుగింటి బొంబాయి బస్సుకు తిరిగి పోతున్నాడు. క్యాసెట్టు పోతే అతనితోనే పోవాలి. ఆ తర్వాత దుబాయి పోయేవాళ్లు ఆరు నెలల దాకా ఎవరూ లేరు.

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. నక్సలైట్ అన్నల పాటల క్యాసెట్లు ఊళ్లలో చేతులు మారుతున్న కాలం. ఎవరింట్లో టేపు మోగినా పోలీసులు ఆగి వినేవాళ్లు. గోవర్ధన్ పోయే రోజు పొద్దున సత్యవ్వ చివరిసారి క్యాసెట్టు వింటుంటే, గస్తీకి వచ్చిన కానిస్టేబుల్ జనార్దన్ వాకిట్లో నిలబడిపోయాడు.

"గిదేందో చెప్పు సూద్దాం" అంది టేపు. తర్వాత టప్ మని ఒకటి. టప్, టప్ మని రెండు. ఆ వెనక ఎడతెగకుండా టపటపలు.

జనార్దన్ టేపును సంకలో పెట్టుకొని ఠాణాకు తీసుకుపోయాడు.

శంకరవ్వ శోకం అందుకుంది. సత్యవ్వ మాత్రం కొంగులో రెండు దోసిళ్ల మక్కలు మూటకట్టింది. అల్యూమినియం గంజునూ దాని మూతనూ సంకన పెట్టుకొని, అత్తను వెంటబెట్టుకొని మూడు మైళ్లు నడిచింది.

ఠాణాలో ఎస్సై కోస్తా మనిషి. అప్పటికే రెండుసార్లు విన్నాడు.

"తుపాకీ ఎవరిదమ్మా?"

"తుపాకి కాదు సార్, మక్కలు."

"మొక్కజొన్నలు సార్" అని జనార్దన్ విడమరిచాడు.

"మొక్కజొన్నలు ఇలా పేలతాయా?"

"మా మూత గట్టిది సార్."

"చెప్పు చూద్దామని ఎవర్ని అడుగుతున్నావు?"

"మా ఇంటాయినను. దుబాయిల ఉన్నడు."

"దుబాయిలో ఉన్నవాడికి ఈ చప్పుళ్లెందుకు?"

"మాటలు పంపితే ఏడుస్తుండు సార్."

ఎస్సై ఆమె ముఖంలోకి చూసి, క్యాసెట్టు మొదటికి తిప్పమన్నాడు. ఓండ్ర వినపడగానే "బోరింగు" అన్నాడు జనార్దన్, అడగకుండానే. ఎస్సై అతని వైపు ఉరిమి చూశాడు. అయినా కాసేపటికి తనూ ముందుకు వంగాడు. కత్తెరను గడియారం అన్నాడు. ఆ తర్వాత బరబరమని లేస్తూ పడుతూ ఒక చప్పుడు వచ్చింది.

"ఇది రంపం. అంతే కదా?"

"మా అత్త సార్. పగటి నిద్ర."

శంకరవ్వ శోకం ఠక్కున ఆగింది. "నేను గుర్రు పెడుతనా? పెడితే పెట్టిన, దాన్ని దుబాయికి తోలుతవా? సార్, కేసు రాసుకోండ్రి దీని మీద."

ఎస్సై మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "అన్నీ సరే. ఆ పేలుళ్లు మాత్రం నేను నమ్మను."

"పొయ్యి చూపెట్టుండ్రి సార్."

చాయ కాచే కిరసనాయిలు స్టవ్వు తెచ్చి బల్ల పక్కన పెట్టారు. క్యాసెట్టు చివర కొంత ఖాళీ ఉంది. దీన్ని కూడా రికార్డు చెయ్యి, రెండూ పక్కపక్కన వింటే తేలిపోతుంది అన్నాడు ఎస్సై. జనార్దన్ మీట నొక్కాడు. సత్యవ్వ గంజులో మక్కలు పోసి మూత పెట్టింది.

మూడు నిమిషాలు ఏమీ కాలేదు. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. తోవలో పట్టిన చెమటకు కొంగులో మక్కలు మెత్తబడ్డాయేమోనని సత్యవ్వకు అనుమానం వచ్చింది. మంట పెంచింది.

"ఏమ్మా, నీ మొక్కజొన్నలు పడుకున్నాయా?"

టప్.

టప్, టప్.

ఆ తర్వాత గంజంతా ఒక్కసారిగా లేచింది. బయట సెంట్రీ తుపాకితో సహా ఇసుక బస్తాల వెనక బోర్లా పడి, "సార్, లోపల్నే కాల్పులు" అని అరిచాడు. మూత ఎగిరి కింద పడింది. ప్యాలాలు ఫైళ్ల మీద, బల్ల మీదున్న ఎస్సై టోపీలో, జనార్దన్ కాలర్లో పడ్డాయి. ముందు నవ్వింది జనార్దన్. తర్వాత రైటరు. అందరి కంటే చివర ఎస్సై మొదలుపెట్టాడు. లావుపాటి మనిషికి ఈల వేసినట్టు సన్నటి నవ్వు. ఆపుకోబోతే ఇంకా సన్నగా వచ్చింది. శంకరవ్వ గుర్రు సంగతి మరిచిపోయి, కింద పడ్డ మూతను కొంగుతో తుడిచింది.

రెండూ పక్కపక్కన వినాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ఎస్సై టోపీలోని ప్యాలాలు తింటూ టేపును ముందుకు నెట్టాడు.

"ఆ చివరిది చెరిపేసి పంపు."

"సరే సార్" అంది సత్యవ్వ.

ఆమె కోరుట్ల చేరేసరికి గోవర్ధన్ ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి ఉన్నాడు. క్యాసెట్టు అతని జేబులో వేసింది. ఏదీ చెరపలేదు.

నలభై రోజులకు జాబు వచ్చింది. పద్నాలుగింటిలో పదకొండు గుర్తుపట్టానని ముత్యం రాశాడు. తల్లి గుర్రు మొదటి ఊపిరికే తెలిసిపోయిందట. శంకరవ్వ మూతి తిప్పుకుంది కానీ అక్కడి నుంచి లేవలేదు. సత్యవ్వ మిగతాది పైకి చదివింది.

'ఆఖరుది ఏందో మాకెవ్వలకు సమజ్ కాలే. అందరు నవ్వుతుండ్రు, ఈల ఏసినట్టు నవ్వేదెవలని గోవర్ధన్‌ను అడిగినం, ఆయినకు తెల్వదు. మా గదిల బుచ్చన్న చెప్పిండు, గది ఎస్సై నవ్వని. దుబాయికి రాకముందు ఆయినను పట్టుకపోయి మూడు దినాలు ఆ ఠాణల పెట్టిండ్రు గదా, గా గొంతు ఎరుకేనట. మేం ఎనమండుగురం పడి పడి నవ్వినం. బుచ్చన్న నవ్వలే. మల్ల తిప్పుమన్నడు. నాలుగుసార్లు తిప్పించుకొని విన్నడు. అయిదోసారికి నవ్విండు.'

"గా ముచ్చట మల్లొకసారి చదువు" అంది శంకరవ్వ.

సత్యవ్వ మళ్లీ చదివింది.