మారక్క కట్టిన తీగెలు

రాయచెర్లు ఊరి మారక్క బెంగళూరు వెళ్లింది ఏటా వరసగా వేరుశనగ పైరు ఎండిపోతున్న రోజుల్లో. భర్త గుండప్ప గొర్రెలను చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయాడు. దగ్గర్లోని సంత ఊరు వై.ఎన్.హొసకోటలో అంగడి నడిపే కుటుంబానికి చెందిన జగన్నాథ్ బెంగళూరులో చిన్న కార్ఖానా పెట్టి, తన వైపు ఆడవాళ్లను పనికి పిలిపించుకున్నాడు. సన్నటి తీగెలను రంగుల ప్రకారం కట్టలు కట్టి, కొసలకు టంకం పెట్టడం పని. సేద్యం తప్ప ఎరగని మారక్క చేతులు ఆ పనికి తొందరగానే అలవాటుపడ్డాయి.

"ఇవి యాడికి పోతాయయ్యా?" అని ఒకసారి అడిగింది.

"విమానానికి మారక్కా. మిలిటరీది. పగవాళ్ల రాడార్లకు ఏమీ కనబడకుండా చేసే మిషన్లు దాంట్లో ఉంటాయంట. పాతబడిన తీగెలు పీకేసి మనవి వేస్తారు. యాడా చెప్పొద్దు" అన్నాడు జగన్నాథ్.

రాడార్ అంటే ఏమిటో ఆమెకు తెలియలేదు. కానీ అప్పటినుంచి పైన విమానం చప్పుడైతే వాకిట్లోకి వచ్చి తలెత్తి చూసేది.

ఎనభైతొమ్మిది వేసవిలో ఒక పొద్దున ఇద్దరు అధికారులు వచ్చి పని ఆపించారు. కట్టలన్నీ సంచుల్లో వేసి సీలు వేశారు. తమ తీగెలు వేసిన విమానం ఒకటి కూలిపోయిందని, లోపలివాళ్లెవరూ బతకలేదని ఆడవాళ్లకు మధ్యాహ్నానికి తెలిసింది. ఏ కట్ట ఎవరిదని అధికారి అడిగితే మారక్క తనవి చూపించింది. తర్వాత తనకు వచ్చిన కన్నడంలోనే, తప్పు తన తీగెదేనా అని అడిగింది.

విచారణ జరుగుతోందనీ ఏమీ చెప్పకూడదనీ అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు.

ఆర్డరు పోయింది. కార్ఖానా మూతపడింది. ఊరికి బయల్దేరేముందు మారక్క జగన్నాథ్ ఇంటికి వెళ్లి అదే మాట అడిగింది.

"నాకూ చెప్పలేదు మారక్కా. ఎక్కువ అడిగితే లోపలేస్తారేమోనని భయంగా ఉండాది" అన్నాడతను.

ఊరికి వచ్చాక ఆమె తిండి సరిగా తినలేదు. జ్వరంతోనే పనికి కూర్చున్న రోజు పెట్టిన టంకం గట్టిగా పట్టిందో లేదో అని తలచుకునేది. పట్టిందనే గుర్తు. అయినా మనసు ఒప్పుకునేది కాదు.

"ఎందుకట్ల ఉండావు?" అన్నాడు గుండప్ప.

"మనుషులు సచ్చిపోయినారు. నా వల్లనో కాదో తెలీదు."

"నీ తప్పయితే పోలీసోళ్లు రాకపోతారా? ఊరికే ఉండు."

ఎవరూ రాలేదు. రానంతమాత్రాన ఆమెకు ధైర్యమూ కలగలేదు. తెగిన రేడియో తీగె అతికించమని ఎదురింటి ఓబక్క తెస్తే, చేతులు వెనక్కి తీసుకుంది.

జగన్నాథ్ తర్వాత హొసకోటకే తిరిగొచ్చి విత్తనాల అంగడి పెట్టాడు. సంతకు పోయినప్పుడల్లా మారక్క ఆ అంగడి మెట్ల దగ్గర నిలబడేది.

"ఏమన్నా తెలిసిందా అయ్యా?"

"లేదు మారక్కా."

మొదట్లో అతను బెంచీ మీద కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి చెప్పేవాడు. రానురాను తక్కెడ మీదినుంచి తలెత్తకుండానే చెప్పేవాడు. ఒక సంతనాడు ఆమె వీధి మలుపు తిరగడం చూసి, అతను లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయాడు. మారక్కకు అది కనబడింది. మెట్ల దాకా పోకుండానే వెనక్కి తిరిగింది.

ఆ తర్వాత విత్తనాలకు గుండప్పనే పంపేది.