రాజుగారి బాప్తిస్మం

ఈ చలిదేశంలో, మా కనాటా ఊరి తెలుగు క్రైస్తవ సహవాసంలో సంఘపెద్దగారికి తెలియని విషయమంటూ ఉండదు. ఫోన్‌లో నాలుగు ముక్కలు చదివితే చాలు, ఆదివారం మైకు పట్టుకుంటారు. మా అమ్మాయి చేసుకోబోయే హైదరాబాద్ అబ్బాయి మొదటిసారి వచ్చిన రోజున ఆయనకి దొరికింది ఆరువందలేళ్ళ కిందటి లిథువేనియా రాజు కథ.

"విగ్రహాలకు మొక్కేవాడు. పెళ్ళికోసం బాప్తిస్మం తీసుకున్నాడు. ఒక్కడు మునిగితే దేశమంతా రక్షణ పొందింది," అన్నారు, ఆ అబ్బాయికేసే చూస్తూ. బాప్తిస్మం లేనివాళ్ళకి మా సంఘంలో పెళ్ళి చేయరు. ఆ అబ్బాయికి లేదు, అందుకే ఈ తంటా.

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఆఫీసులో నాతో పనిచేసే లిథువేనియా ఆవిణ్ని అడిగాను. పెళ్ళికూతురు పక్కదేశానికి రాణి, పన్నెండేళ్ళట, అప్పటికే ఇంకొకరితో నిశ్చయమైన పిల్ల. రాజు ఆమెకన్నా ఎంతో పెద్ద. ఆయనకి కావలసింది దేవుడూ కాదు, పిల్లా కాదు, ఆమె తలమీది కిరీటం. తర్వాత జనాన్ని గుంపులుగా ఏటికి తోలి, గుంపుకొక పేరు పెట్టి, తలా ఒక చొక్కా ఇచ్చి పంపారని చెప్పుకుంటారట. చొక్కా కోసం రెండోసారి మునిగినవాళ్ళూ ఉన్నారట. "ఆయన పేరెత్తితే మా తాత మొహం తిప్పుకునేవాడు, దేశాన్ని పెళ్ళికానుకగా ఇచ్చేశాడని," అంది ఆవిడ. రక్షణట, రక్షణ. చొక్కాల పంపకం.

తర్వాతి ఆదివారం ఇదంతా పెద్దగారికి అప్పజెప్పాను. "ఫలితం చూడాలమ్మా," అని ఆయన అబ్బాయి భుజమ్మీద చెయ్యేశారు. "వచ్చేవారం బాప్తిస్మపు తొట్టి నింపిస్తాను, ఓకేనా బాబూ?" నమ్మకం ఉందా అని మాటవరసకైనా అడగలేదు.

"ఓకే అంకుల్. ఎంతసేపు పడుతుంది?" అన్నాడు అబ్బాయి, పార్కింగ్ సంగతి అడిగినట్టు.

మా అమ్మాయి పక్కనే ఉంది. తన బాప్తిస్మం గురించి రెండేళ్ళు ఆలోచించి, ఏడ్చి, ప్రార్థన చేసుకుని తీసుకున్న పిల్ల. ఇంటికొస్తూ కార్లో, "హి డిడంట్ ఈవెన్ థింక్, అమ్మా," అంది. కాసేపటికి, ఎప్పుడూ లేంది, తెలుగులో అడిగింది.

"నాకు కూడా అలాగే ఓకే చెప్పాడా?"

నాకు భయమేసింది. ఆ మాట అతన్నే అడగమన్నాను. ఆ వారమంతా వాళ్ళిద్దరూ ఫోన్లోనే ఉన్నారు.

శనివారం పెద్దగారికి ఫోన్ చేసి, తొట్టి నింపించొద్దన్నాను.

"చలికి భయపడుతున్నాడా? వేడినీళ్ళు పోయిద్దాంలెండి," అన్నారు.

పెళ్ళి లేదని చెప్పాను.