పారబోయమన్న నీళ్ళు

ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలు ల్యాబులో నల్ల గుళికలు చేసేవాణ్ణి. ఆవగింజంత ఉంటాయి. గ్రాఫీన్ అనే కార్బన్ పొడి, ఇనుప ఆక్సైడు కలిపి చేసినవి. నీళ్ళలో కరిగిన సీసాన్ని పట్టేసుకుంటాయి. వాటి గురించి ఎవరైనా అడిగితే చాలు, నాకు నోరు ఆగేది కాదు.

మా అక్కను పులివెందుల దగ్గర పల్లెలో ఇచ్చారు. చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, వేసిన బోరు నీళ్ళే ఇంటికీ వాడతారు. అక్క కూతురు, ఎనిమిదేళ్ళది, ఊరికే కడుపునొప్పి అని ముడుచుకుని పడుకునేది. నిన్న నేర్చిన ఎక్కం ఈరోజు మరిచిపోయేది. డాక్టరు రక్తపరీక్ష చేయిస్తే సీసం ఉందని తేలింది. బోరు నీళ్ళు నేనే పరీక్షించాను. వాటిలోనూ ఉంది. ఇంకా ఒంట్లోకి చేరకుండా ఆపితే నెమ్మదిగా తగ్గుతుందని డాక్టరు చెప్పాడు.

ఆపడానికి నేనున్నాను కదా. రెండు ప్లాస్టిక్ గొట్టాల్లో గుళికలు నింపి వంటింటి గోడకు బిగించాను. వాటిని వారానికోసారి కడగాలి, లేకపోతే పనిచేయవు. ఇంట్లో ఘాటు ఆసిడ్ ఎందుకని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళతో కడిగేట్టు కుదిర్చాను. ఆ కడిగిన నీళ్ళు పారబోయమని అక్కకు చెప్పాను. వారమంతా పట్టిన సీసం వాటిలోకే దిగుతుందని మాత్రం చెప్పలేదు. విషం అనే మాట వింటే మా బావ ఆ గొట్టాలను ఇంట్లో ఉండనిచ్చేవాడు కాదు.

నెలనెలా వెళ్ళి వడపోసిన నీళ్ళ శాంపిల్ తెచ్చుకునేవాణ్ణి. సీసం జాడే లేదు. వెళ్ళినప్పుడల్లా అక్క సంగటి, చుక్కాకు పప్పు పెట్టేది. బావ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాక తినేవాళ్ళం. పాపకు ఆ పుల్లటి పప్పంటే ప్రాణం, రెండుసార్లు వేయించుకునేది.

ఆరు నెలలకు మళ్ళీ రక్తం తీశారు. సీసం పెరిగింది. పరీక్ష తప్పని వాదించాను. జమ్మలమడుగులో తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోయి మళ్ళీ తీయించాను. అదే అంకె వచ్చింది. బడి నీళ్ళను అనుమానించాను, పాప ఆడుకునే బొమ్మలను కూడా అనుమానించాను. నా గుళికల మీదికి మాత్రం మాట రానివ్వలేదు.

ఒక ఆదివారం నేనక్కడ ఉండగానే అక్క గొట్టాలు కడిగింది. కడిగిన నీళ్ళ బకెట్ ఎత్తుకుని పెరట్లోకి పోతోంది. ఎక్కడికని అడిగాను.

"చుక్కాకు మడికి. మొదట్నుంచీ దానికే పోస్తాండా. బకెట్ నీళ్ళు యాడన్నా పారబోస్తారేందిరా?"

ఎండాకాలం బోరు గంటసేపు పోసి ఆగిపోయే ఊరది. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు, చేతులు కడిగిన నీళ్ళు చెట్టుకు. అలాంటి ఇంట్లోనే నేనూ పెరిగాను. నీళ్ళు పారబోయమంటే మా ఆడవాళ్ళెవరూ వినరని నాకు తెలిసుండాల్సింది. డాక్టరేట్ ఉండి ఏం లాభం, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మెట్ల మీద కూర్చుని, గొట్టాల్లోని సీసం ఆ నీళ్ళతో మడికి, మడి నుంచి ఆకుకు, ఆకు నుంచి పాపకు ఎలా చేరిందో అంతా చెప్పాను. క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పాను. ఏడుపు రాలేదు. భయం కూడా వేయలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. బావ పార తెచ్చి మడి తవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆగి, ఈ మన్ను ఎక్కడ పోయాలని అడిగాడు. తెలియదన్నాను.

అక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అంది.

"నీళ్ళలోనించి తీస్తివి గదరా. పాపలోనించి గూడా తియ్యి."

మందులున్నాయని, రేపే కడపకు పోదామని చెప్పాను. ఎముకల్లోకి చేరినదాన్ని ఏ మందూ పూర్తిగా తీయలేదని నాకు తెలుసు. అది చెప్పలేదు.